పని ఆగిందని ఎవరు చెప్పాలి?

‘సాంకేతిక లోపం’ అనే మాట మన ఆఫీసుల భాషలోకి ఎప్పుడొచ్చిందో గానీ, వచ్చిన దగ్గర్నుంచీ చాలా పనులకు పనికొస్తోంది. కూలి డబ్బు పడకపోతే సాంకేతిక లోపం. రేషన్ జాబితాలోంచి పేరు పోతే సాంకేతిక లోపం. పింఛను రెండు నెలలు ఆగితే సాంకేతిక లోపం. ఒకప్పుడు ‘పై నుంచి ఇంకా రాలేదమ్మా’ అనేవాళ్లు. ఆ మాటలో కనీసం పైన ఎవరో ఒక మనిషి ఉన్నాడన్న అర్థం ఉండేది. వెళ్లి నిలదీయవచ్చన్న ఆశ ఉండేది. ‘సాంకేతిక లోపం’లో మనుషులెవరూ లేరు. వాన పడలేదన్నట్టు, వరద వచ్చిందన్నట్టు అది ప్రకృతి చేసిన పనిలా వినిపిస్తుంది. దాన్ని మనం కూడా అలాగే స్వీకరిస్తున్నాం. నేను ఇక్కడ వాదించదలచుకున్న విషయం ఇది: కంప్యూటర్‌లో ఒక పని ఆగిపోవడానికి సాంకేతిక కారణం ఉండవచ్చు. కానీ ఆగిపోయిన సంగతి నెలల తరబడి ఎవరికీ తెలియకుండా ఉండిపోవడానికి కారణం సాంకేతికం కాదు. ఎవరికి తెలియాలి, ఎవరికి తెలియనక్కర లేదు అని ఎవరో ముందుగానే నిర్ణయించారు. ఆ నిర్ణయానికయ్యే ఖర్చును మాత్రం ఎక్కువగా ఆడవాళ్లు తమ కాళ్లతో, తమ కూలితో చెల్లిస్తున్నారు.

ముందు యంత్రం సంగతి కొంచెం తెలుసుకోవాలి. మనలో చాలామందిమి ‘అదంతా ఇంజినీర్ల వ్యవహారం’ అని పక్కకు తప్పుకుంటాం. ఈ తప్పుకోవడమే వాళ్లకు కావలసింది. బ్యాంకుల్లో, ప్రభుత్వ శాఖల్లో కంప్యూటర్లు చేసే పనుల్లో చాలా భాగం ఎవరూ దగ్గర కూర్చుని చేయించేవి కావు. ఫలానా రోజు, ఫలానా వేళకు ఫలానా పని చెయ్యమని ముందే రాసిపెడతారు. రాత్రి పూట జాబితాలు ఒక చోటి నుంచి మరో చోటికి వెళ్లిపోతాయి, లెక్కలు కలుస్తాయి, ఉత్తరాలు, సందేశాలు తయారవుతాయి. 1970ల నాటి యూనిక్స్ కాలం నుంచీ ఈ ఏర్పాటు ఉంది. అక్కడ వేళ చూసి పని మొదలుపెట్టే చిన్న ప్రోగ్రామ్‌ను ‘క్రాన్’ అంటారు. క్రాన్ పని మొదలుపెట్టడం వరకే. పని సరిగా ముగిసిందా లేదా అని ఆరా తీయడం దాని బాధ్యత కాదు. ఏదైనా తేడా వస్తే ఒక ఈ-మెయిల్ పంపుతుంది, అదీ ఎవరికి పంపాలో ఎవరైనా రాసిపెట్టి ఉంటేనే. ఆ మెయిల్ ఏడాది కిందట ఉద్యోగం మానేసిన వాళ్లకు వెళ్తూ ఉండవచ్చు. లేదా రోజుకు రెండొందల మెయిళ్లు వచ్చే పెట్టెలో పడి, ఎవరూ తెరవకుండా ఉండిపోవచ్చు.

ఇంకో రకం వైఫల్యం ఇంతకంటే విచిత్రంగా ఉంటుంది. జాబితా అందాల్సిన చోటికి ఖాళీ జాబితా వచ్చిందనుకోండి. ప్రోగ్రామ్ దాన్ని తెరుస్తుంది, అందులో ఎవరూ లేరు కాబట్టి ఎవరికీ ఏమీ పంపదు, పని విజయవంతంగా ముగిసిందని రాసుకుని పడుకుంటుంది. దాని లెక్కలో అబద్ధం లేదు. సున్నా మందికి పంపమన్నారు, సున్నా మందికి పంపింది. కంప్యూటర్ వాళ్లు దీన్ని నిశ్శబ్ద వైఫల్యం అంటారు. నిశ్శబ్దం గురించి ఇన్నేళ్లుగా రాస్తున్న స్త్రీవాదులకు ఈ పేరు వినగానే చెవులు నిక్కబొడుచుకోవాలి.

ఇది పేదదేశాల ఆఫీసుల్లో మాత్రమే జరిగే అశ్రద్ధ అనుకోనక్కర లేదు. ప్రపంచమంతటా ప్రోగ్రామర్లు తమ పనిని దాచుకునే గిట్‌ల్యాబ్ అనే సంస్థలో 2017 జనవరి 31న ఒక ఇంజినీరు పొరపాటున అసలు డేటాబేస్‌నే చెరిపేశాడు. పర్వాలేదు, రోజూ నకళ్లు తీసి పెడుతున్నాం కదా అని వెతికితే, నకళ్లు ఉండాల్సిన చోటు ఖాళీగా ఉంది. నకలు తీసే ప్రోగ్రామ్ పాతది, 9.2. డేటాబేస్ కొత్తది, 9.6. రెండూ పొసగక నకలు తీసే పని ప్రతిసారీ విఫలమవుతూ వచ్చింది. విఫలమైనప్పుడల్లా మెయిల్ కూడా పంపుతూనే ఉంది. ఆ మెయిళ్లకు సరైన ధ్రువీకరణ లేదని అందుకోవాల్సిన సర్వర్ వాటిని తిప్పి కొట్టింది. అంటే ఆ యంత్రం అరుస్తూనే ఉంది, ఆ అరుపు గది దాటలేదు. చివరికి ఆ రోజే ఒక ఇంజినీరు వేరే అవసరానికి తన చేత్తో తీసిపెట్టుకున్న నకలు వాళ్లను కాపాడింది. ఆరు గంటల పని పోయింది. సుమారు 5,000 ప్రాజెక్టులు, 5,000 వ్యాఖ్యలు, 700 కొత్త ఖాతాలు దెబ్బతిన్నాయి. ఆ సంస్థ జరిగినదంతా దాచకుండా రాసి ప్రచురించింది. దాన్ని మెచ్చుకోవాల్సిందే.

ఆ రంగంలోని వాళ్లు ఇలాంటి అనుభవాల నుంచి నేర్చుకున్న పద్ధతి ఒకటుంది. అది చాలా సరళమైనది. ‘తప్పు జరిగితే చెప్పు’ అని యంత్రాన్ని అడగవద్దు, ‘పని ముగిసిన ప్రతిసారీ ముగిసిందని చెప్పు’ అని అడుగు. చెప్పాల్సిన వేళకు ఆ మాట రాకపోతే, రాకపోవడాన్నే ప్రమాదంగా భావించి గంట మోగించు. దీన్ని ‘హార్ట్‌బీట్’ అంటారు, గుండె చప్పుడు. రైలింజన్ నడిపే డ్రైవరు కొద్ది సేపటికొకసారి తాను మెలకువగా ఉన్నానని యంత్రానికి తెలియజేస్తూ ఉండాలి, తెలియజేయకపోతే బ్రేకులు వాటంతట అవే పడతాయి. అదే సూత్రం ఇక్కడా. ఈ ఏర్పాటుకు పెద్ద ఖర్చు లేదు, పెద్ద విద్య అక్కర లేదు. తమ కోడ్‌కు, తమ వ్యాపారానికి నష్టం రాకుండా వాళ్లు ఈ జాగ్రత్త తీసుకుంటారు. నేను అడుగుతున్నదీ అదే. ఉపాధి కూలి జాబితాకు గుండె చప్పుడు ఎందుకు పెట్టలేదు?

దీనికి ఆడవాళ్ల జీవితాలతో ఉన్న సంబంధం ఎంత సూటిగా ఉంటుందో ఇంగ్లండ్‌లో 2018లో బయటపడింది. అక్కడ 50 నుంచి 70 ఏళ్ల మధ్య స్త్రీలను మూడేళ్లకొకసారి రొమ్ము క్యాన్సర్ పరీక్షకు రమ్మని ప్రభుత్వ ఆరోగ్య వ్యవస్థ ఉత్తరం పంపుతుంది. 2018 మే 2న అప్పటి ఆరోగ్య మంత్రి జెరెమీ హంట్ పార్లమెంటులో లేచి, 2009 నుంచీ జరిగిన కంప్యూటర్ లోపం వల్ల 68–71 ఏళ్ల మధ్య ఉన్న సుమారు 4,50,000 మంది స్త్రీలకు చివరి పిలుపు అంది ఉండకపోవచ్చునని ప్రకటించాడు. దీనివల్ల 135 నుంచి 270 మంది దాకా స్త్రీల ఆయుష్షు తగ్గి ఉండవచ్చునని కూడా చెప్పాడు. తర్వాత ఆ అంకెలు బాగా తగ్గాయి. అదే ఏడాది డిసెంబరులో వెలువడిన స్వతంత్ర సమీక్ష మరో సంగతి చెప్పింది. చివరి పిలుపు కచ్చితంగా ఏ వయసు దాకా పంపాలన్న దాని మీద సంబంధిత సంస్థలకే ఒక ఉమ్మడి అవగాహన లేదట. కాగితం మీద రాసుకున్నది ఒకటి, కంప్యూటర్‌తో చేయిస్తున్నది మరొకటి. మంత్రి ఆ నిందను యంత్రం మీద వేశాడు. యంత్రం బదులు చెప్పలేదు కదా!

ఈ ఉదంతంలో నన్ను పట్టి నిలిపినది అంకె కాదు. తొమ్మిదేళ్ల పాటు ఎవరూ ఫిర్యాదు చేయకపోవడం పెద్ద వింతేమీ కాదు, ఎందుకంటే రాని ఉత్తరం రాలేదని ఆమెకు ఎలా తెలుస్తుంది? డెబ్బయ్యో ఏట పిలుపు రాకపోతే, ‘నా వంతు అయిపోయిందేమో’ అనుకుని ఊరుకుంటుంది. ఊరుకోవడం మనకు బాగా నేర్పారు. ‘ఫిర్యాదులు రాలేదు కాబట్టి సమస్య లేదు’ అనే ఆఫీసు తర్కం ఇక్కడ తలకిందులవుతుంది. సమస్య ఎంత లోతైనదైతే ఫిర్యాదు అంత తక్కువగా వస్తుంది. అదే ఏడాది నవంబరులో అదే దేశంలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్షకు సంబంధించిన ఉత్తరాలు 40 వేల మందికి పైగా స్త్రీలకు వెళ్లలేదని తేలింది. ఆ పని క్యాపిటా అనే ప్రైవేటు కంపెనీకి అప్పజెప్పి ఉన్నారు. (మన దగ్గర ప్రతి స్త్రీనీ పేరు పెట్టి పరీక్షకు పిలిచే ఏర్పాటు లేనే లేదు కాబట్టి ఆగిపోయే ప్రమాదమూ లేదు. అది వేరే వ్యాసానికి సంబంధించిన దుఃఖం.)

ఇక మన దగ్గరికి వద్దాం. 2005 నాటి గ్రామీణ ఉపాధి హామీ చట్టం కింద పనిచేసిన వాళ్లలో సగానికి పైగా ఆడవాళ్లే. మన రెండు రాష్ట్రాల్లో ఎండాకాలం పని స్థలాలు చూసిన వారికి ఈ సంగతి వేరే చెప్పనక్కర లేదు. పని ముగిశాక 15 రోజుల్లో కూలి ఇవ్వాలని చట్టం చెప్పింది. మస్టరు కంప్యూటర్‌లోకి ఎక్కేది, కూలి జాబితా తయారయ్యేది, దాని మీద ఇద్దరు అధికారుల డిజిటల్ సంతకాలు పడితే ఎఫ్‌టీఓ అనే చెల్లింపు ఉత్తర్వు అయ్యేది. అక్కడి నుంచి కేంద్ర ప్రభుత్వపు చెల్లింపుల వ్యవస్థకు, ఒక బ్యాంకుకు, ఎన్‌పీసీఐకి, అక్కడి నుంచి కూలీ బ్యాంకుకు. ఈ దారిలో ఎక్కడైనా తిరస్కారం జరిగితే ఆ సంగతి కంప్యూటర్‌లోకి తిరిగి వచ్చేది. ‘ఖాతా లేదు’, ‘ఖాతా స్తంభించింది’, ‘ఇనాక్టివ్ ఆధార్’ అని ఒక కారణంతో సహా వచ్చేది. అంటే యంత్రానికి తెలుసు. పనిచేసిన మనిషికి తప్ప అందరికీ అందుబాటులో ఉన్న ఒక పట్టికలో ఆమె పేరు, ఆమెకు రావలసిన డబ్బు, రాకపోవడానికి కారణం ఉండేవి. ఆ పట్టిక ఇంగ్లీషులో ఉండేది. దాన్ని చూడాలంటే ఏ రాష్ట్రం, ఏ జిల్లా, ఏ మండలం, ఏ పంచాయతీ అని ఒక్కొక్కటే దాటుకుంటూ వెళ్లాలి.

పాలమూరు వైపు ఒక ఊళ్లో మూడు వారాల కూలి రాని ఒకామె నాతో అన్న మాట: “పైసలు పడలే మేడం. పడ్డయనే అంటున్నరు వాళ్లు. యాడ పడ్డయో మరి నాకెర్క లేదు.” ఆమెతో పాటు మండల ఆఫీసుకు వెళ్తే అక్కడి కుర్రాడు మర్యాదగానే కంప్యూటర్ మా వైపు తిప్పి చూపించాడు. “క్రెడిటెడ్ అని చూపిస్తుందమ్మా, బ్యాంకుల అడగాలె.” బ్యాంకులో పాస్‌పుస్తకం ప్రింటు చేసే యంత్రం పనిచేయడం లేదు. మళ్లీ సోమవారం రమ్మన్నారు. ఇందులో ఎవరి మీదా నేను కోపం పెట్టుకోలేను. ప్రతి ఒక్కరికీ తమ తెర మీద కనిపించినది నిజమే. మొత్తం కథ కనిపించే తెర ఎవరి ముందూ లేదు.

‘ఇనాక్టివ్ ఆధార్’ అన్న మాట ఎంత అన్యాయం చేసిందో చూడండి. ఆ మాట వినగానే ఎవరైనా ఏమనుకుంటారు? తన ఆధార్ కార్డు చెడిపోయిందనుకుంటారు. ఆధార్ కేంద్రానికి వెళ్లి, డబ్బు కట్టి, మళ్లీ వేలిముద్రలు ఇస్తారు. అసలు సంగతి అది కాదు. ఏ ఆధార్ నంబరుకు ఏ బ్యాంకు ముడిపడి ఉందో చెప్పే పట్టిక ఒకటి ఎన్‌పీసీఐ దగ్గర ఉంటుంది. అందులో ఆ ముడి ఊడిపోయిందని దాని అర్థం. దాన్ని సరిచేయాల్సింది బ్యాంకు. ఒక్క మాట తప్పుగా పెట్టినందువల్ల ఎన్ని బస్సు చార్జీలు, ఎన్ని రోజుల కూలి పోయాయో ఎవరూ లెక్క కట్టలేదు. లిబ్‌టెక్ ఇండియా ఆంధ్రప్రదేశ్, జార్ఖండ్, రాజస్థాన్‌లలో చేసి 2020లో వెలువరించిన సర్వేలో, వచ్చిన కూలిని చేతికి తెచ్చుకోవడానికే కూలీలు బ్యాంకు చుట్టూ పదే పదే తిరగాల్సి వస్తోందని నమోదు చేసింది. రాని కూలి సంగతి ఇక చెప్పాలా?

డబ్బు ఆగిపోవడం కన్నా దారి తప్పడం ఇంకా నిశ్శబ్దంగా జరుగుతుంది. ఆధార్ ఆధారంగా పంపే డబ్బు, ఆ నంబరుకు చివరగా ముడిపడిన ఖాతాలోకి వెళ్తుంది. 2017లో ఎయిర్‌టెల్ సిమ్ కార్డుకు ఆధార్ ధ్రువీకరణ చేయించుకున్న లక్షల మందికి వాళ్లకు తెలియకుండానే ఎయిర్‌టెల్ పేమెంట్స్ బ్యాంకులో ఖాతాలు తెరుచుకున్నాయి. వాళ్ల వంటగ్యాసు సబ్సిడీ కోట్ల రూపాయలు ఆ ఖాతాల్లోకి మళ్లింది. ఆ ఏడాది డిసెంబరులో ఆధార్ సంస్థ ఆ కంపెనీ ధ్రువీకరణ అనుమతిని తాత్కాలికంగా నిలిపివేసింది. 2018 మార్చిలో రిజర్వు బ్యాంకు 5 కోట్ల రూపాయల జరిమానా వేసింది. ఈ వ్యవహారమంతటిలో ఏ కంప్యూటర్‌లోనూ ‘విఫలం’ అన్న మాట లేదు. అన్ని లావాదేవీలూ విజయవంతమే. గ్యాసు బండకు పూర్తి ధర కట్టి, సబ్సిడీ కోసం ఎదురుచూసిన గృహిణి ఒక్కతే విఫలమైంది.

గణాంకాలు ఎక్కడ లెక్కపెట్టడం ఆపుతాయన్నది కూడా ఒక రాజకీయ నిర్ణయమే. కూలి ఆలస్యమైతే 16వ రోజు నుంచి రోజుకు 0.05 శాతం చొప్పున పరిహారం ఇవ్వాలని నిబంధన ఉండేది. వెయ్యి రూపాయల కూలికి రోజుకు అర్ధ రూపాయి! ఆ అర్ధ రూపాయిని కూడా కంప్యూటర్ ఎలా లెక్క కట్టేదంటే, రాష్ట్ర స్థాయిలో సంతకాలు పడే దాకా జరిగిన ఆలస్యమే ఆలస్యం. ఆ తర్వాత కేంద్రం దగ్గర డబ్బు లేక ఆగిన రోజులు లెక్కలోకి రావు. ఆ రోజులను లెక్కపెట్టే గడియారమే ఆ ప్రోగ్రామ్‌లో లేదు. పరిశోధకులు లక్షల చెల్లింపులను పరిశీలించి ఈ సంగతి బయటపెట్టారు. ‘స్వరాజ్ అభియాన్’ కేసులో సుప్రీంకోర్టు 2018 మే 18న, మొత్తం ఆలస్యానికి పరిహారం ఇవ్వాల్సిందేనని తీర్పు చెప్పింది. అంతకుముందు అన్నేళ్లూ పార్లమెంటుకు సమర్పించిన ‘సకాలంలో చెల్లింపుల’ శాతాలు ఈ సగం గడియారంతో కొలిచినవే.

పేర్ల తొలగింపు ఇంకో అధ్యాయం. 2022–23 ఒక్క సంవత్సరంలో ఉపాధి పథకం జాబితాల నుంచి 5 కోట్లకు పైగా కూలీల పేర్లు తొలగించారని ప్రభుత్వమే 2023 జూలైలో పార్లమెంటుకు చెప్పింది. అంతకు ముందు ఏడాది ఆ సంఖ్య ఒకటిన్నర కోట్లు. ఆధార్ ఆధారిత చెల్లింపులను తప్పనిసరి చేయాలన్న ఒత్తిడి నడుస్తున్న కాలమది (2024 జనవరి 1 నుంచి తప్పనిసరి చేశారు కూడా). తొలగింపుకు చూపిన కారణాల్లో ‘పని చేయడానికి ఇష్టపడటం లేదు’ అన్నది ఒకటి. ఎవరి ఇష్టం? ఎవరు అడిగారు? తెలంగాణలో 2016 తర్వాత సుమారు 19 లక్షల రేషన్ కార్డులు రద్దయిన కేసులో, క్షేత్రస్థాయిలో ఇంటికి వెళ్లి పరిశీలించమని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆదేశించాల్సి వచ్చింది. ఇంటికి వెళ్లి అడగమని దేశపు అత్యున్నత న్యాయస్థానం చెప్పాలా?

ఇక్కడ మన సంఘాల గురించి మాట్లాడకుండా ఈ వ్యాసం ముగించలేను. కొందరు మిత్రులకు ఇది రుచించదని తెలుసు. డబ్బు పడలేదని ఒకామె వస్తే మనం ఏం చేస్తున్నాం? మన కార్యకర్త ఆమెను వెంటబెట్టుకుని బ్యాంకుకు వెళ్తుంది, ఫారం నింపుతుంది, వేలిముద్ర వేయిస్తుంది, నెల తిరిగేసరికి డబ్బు పడుతుంది. ఆ కథను మనం వార్షిక నివేదికలో విజయగాథగా రాస్తాం. ఆ పని అవసరం లేదనను. ఆకలి ఆగదు. కానీ జరుగుతున్నదేమిటంటే, రాజ్యం కట్టుకోవలసిన హెచ్చరిక గంటగా మనం, ఆ ఆడవాళ్లు జీతం లేకుండా పనిచేస్తున్నాం. యంత్రంలో ఎక్కడ చిల్లు పడిందో ఆమె కాళ్లరిగేలా తిరిగి కనిపెడుతుంది, మనం దాన్ని పూడుస్తాం, ఆ చిల్లు అక్కడ ఉన్నట్టు ఏ రికార్డులోనూ మిగలదు. మరుసటి నెల పై అధికారి తెర మీద అంతా పచ్చగానే ఉంటుంది.

మరియా మీస్ 1982లో నర్సాపురం లేసు అల్లే స్త్రీల మీద రాసిన పుస్తకం మనలో చాలామందిమి చదువుకున్నాం. ఎగుమతి వ్యాపారమంతా ఆ చేతుల మీద నడుస్తూ ఉంటే, ఆ చేతులు ‘ఇంట్లో కూర్చుని తీరిక వేళ గడిపే గృహిణుల’ చేతులుగా లెక్కకెక్కాయి. ఇప్పుడు ఆన్‌లైన్ పాలన అనే వ్యాపారం ఎవరి తిరుగుడు మీద నడుస్తోందో చూడండి. బ్యాంకుకు వెళ్లడం, మీ-సేవలో వరుసలో నిలబడటం, నకళ్లు తీయించడం, ఫోన్‌కు వచ్చిన నంబరును ఎవరి చేతో చదివించుకోవడం, ఇంట్లో ఇవన్నీ ఎవరి పని? మగవాడు కూలి వదులుకుంటే నష్టమని లెక్క. ఆమె వదులుకుంటే ‘ఆఫీసు పని మీద వెళ్లింది’ అంటారు.

ఈ సమస్యకు జవాబుగా మనకు చూపిస్తున్నది ‘డిజిటల్ అక్షరాస్యత’. ప్రాజెక్టులు వస్తున్నాయి, మనమూ తీసుకుంటున్నాం. శిక్షణలో ఏం నేర్పుతున్నాం? బొటనవేలు ఎక్కడ పెట్టాలి, నంబరు ఎవరికీ చెప్పకూడదు, బ్యాలెన్సు ఎలా చూసుకోవాలి. అంటే తప్పు ఆమెకు తెలియకపోవడంలో ఉందని మనమే ఒప్పుకుంటున్నాం. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు రాత్రి బడిలో అక్షరాలు నేర్చుకుని, 1992లో సారా వ్యతిరేక ఉద్యమాన్ని రాష్ట్రమంతా అంటించారు. వాళ్లకు అక్షరం అంటే అడగడానికి పనికొచ్చే వస్తువు. తిరస్కరణ పట్టికను చదవడం నేర్పే డిజిటల్ శిక్షణ ఒక్కటి నాకు చూపించండి, నేను అందులో ఉచితంగా పాఠం చెబుతాను.

‘మళ్లీ పాత రోజులు కావాలా, ఫీల్డ్ అసిస్టెంటు చేతిలో సగం పోయే రోజులు?’ అని ఒక అధికారి నన్ను అడిగాడు. ప్రశ్న సబబైనదే. ఆడవాళ్ల పేరు మీద సొంత ఖాతా ఉండటం, కూలి భర్త చేతికి కాకుండా ఆ ఖాతాలోకి రావడం సాధించుకున్న విషయాలు. దాన్ని వదులుకోమని నేననడం లేదు. కానీ ఒక తేడా గమనించాలి. ఫీల్డ్ అసిస్టెంటు తిన్నప్పుడు ఆమెకు తెలిసేది ఎవడు తిన్నాడో. తిట్టేది, సామాజిక తనిఖీలో లేచి చెప్పేది, కొన్నిసార్లు తిరిగి రాబట్టేది. ఇప్పుడు ఎవరూ తినలేదు, డబ్బూ రాలేదు. దొంగ లేని దొంగతనానికి ఎవరి మీద కేసు పెట్టాలి?

‘కోట్ల లావాదేవీల్లో కొన్ని విఫలం కావడం సహజం’ అన్నది ఇంకో వాదన. సహజమే కావచ్చు. అలాంటప్పుడు ఆ కొన్నిటి కోసం ముందే ఏర్పాటు ఉండాలి. గిట్‌ల్యాబ్ వాళ్లు తమ 5,000 వ్యాఖ్యలు పోయినందుకు గంట గంటకూ జరిగినది రాసి లోకానికి చెప్పారు. మూడు వారాలు మట్టి మోసిన మనిషికి ఒక తెలుగు వాక్యం రాసి పంపడానికి కంప్యూటర్‌కు ఏం కష్టం? ‘నీ కూలి ఇంత, ఫలానా తేదీన పంపాం, ఫలానా కారణంతో తిరిగొచ్చింది, దీన్ని సరిచేయాల్సింది ఫలానా ఆఫీసు, ఫలానా తేదీలోగా.’ ఫోన్ లేని వాళ్లకు పంచాయతీ గోడ ఉంది. గోడల మీద కూలీల వివరాలు రాయించిన చరిత్ర మనకు కొత్తది కాదు. ఆంధ్రప్రదేశ్‌లో 2006 నుంచి సామాజిక తనిఖీలు జరిగాయి, ప్రజావేదికల్లో మస్టర్లు బిగ్గరగా చదివారు. అయితే అక్కడ చదివింది చెల్లించిన డబ్బు లెక్క. చెల్లించని డబ్బు జాబితా కూడా అంతే బిగ్గరగా చదవాలని మనం పట్టుబట్టాలి. నిర్ణయాలకు కారణాలను వాటి వల్ల ప్రభావితమైన వారికి చెప్పి తీరాలని సమాచార హక్కు చట్టం 4(1)(డి) సెక్షన్ అంటోంది. తిరస్కారం ఒక నిర్ణయమే. పేరు తొలగింపు అంతకన్నా పెద్ద నిర్ణయం. మనిషిని ముఖాముఖి కలిసి, సంతకమో వేలిముద్రో తీసుకోకుండా చేసిన ఏ తొలగింపూ చెల్లదని అడగాలి.

2025 డిసెంబరులో పార్లమెంటు 2005 నాటి చట్టం స్థానంలో మరో ఉపాధి చట్టాన్ని ఆమోదించింది. దాని గుణదోషాల మీద మన పత్రికలో వేరే చర్చ జరగాలి. నాకున్న తక్షణ ఆందోళన పాత లెక్క గురించి. పాత పథకం తిరస్కరణ పట్టికల్లో ఇరుక్కున్న కూలి, పథకం పేరు మారినంత మాత్రాన దానంతట అది చేతికి రాదు. కొత్త కంప్యూటర్ వ్యవస్థ వచ్చినప్పుడల్లా పాత బాకీలు ‘డేటా మార్పిడి’లో మాయమయ్యే అవకాశం ఎక్కువ. అందుకే ఇప్పుడే, ఈ కొద్ది నెలల్లోనే, ఊరూరా ఆ బాకీలను కాగితం మీదికి ఎక్కించాలి.

దీనికి నేను పనిచేస్తున్న చోట కొందరు కార్యకర్తలం కలిసి మామూలు నోటు పుస్తకంలో గీతలు గీసుకున్నాం. పేరు, జాబ్‌కార్డు నంబరు, పని ముగిసిన రోజు, రావలసిన డబ్బు. ఇవి అందరూ రాసేవే. వీటితో పాటు మరో నాలుగు గళ్లు పెట్టాం: డబ్బు రాలేదని ఆమెకు ఏ రోజు తెలిసింది, ఎవరు చెప్పారు, దాని కోసం ఎన్నిసార్లు తిరిగింది, తిరిగిన రోజుల కూలి ఎంత పోయింది. ‘ఎవరు చెప్పారు’ అన్న గడిలో ‘ఎవరూ చెప్పలేదు’ అని ఉంటే అలాగే పూర్తిగా రాయండి, గీత గీసి వదలొద్దు. పుస్తకం ఊళ్లోనే, సంఘం పెద్ద దగ్గర ఉండాలి, నకలు మన ఆఫీసుకు రావాలి. గ్రామసభలో చదివించి, పంచాయతీ కార్యదర్శితో అందినట్టు సంతకం పెట్టించుకోండి. తేదీలు మాత్రం కచ్చితంగా ఉండాలి. ఎంపీడీఓ ఆఫీసులో మొదట తవ్వేది వాటినే.